కడిగిన గొంతు

ఆ వేసవిలో తీసిన మొదటి వీడియోలో మా నాన్న నెత్తిన గ్లాసుడు నీళ్ళు పడ్డాయి.

పడాల్సినవి కావు. నిండు గ్లాసు మీద అట్టముక్క పెట్టి తలకిందులు చేస్తే నీళ్ళు కారవు. కింద ఉన్న గాలి అట్టను పైకి నెట్టి పట్టుకుంటుంది. బడిపిల్లలు చేసే పని. పన్నెండేళ్ళు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా వెలగబెట్టి వచ్చినదాన్ని, నాకిదో లెక్కా అనుకున్నాను. అట్ట అప్పటికే నాని మెత్తబడిందని చూసుకోలేదు. కెమెరా నడుస్తుండగా గ్లాసును నాన్న తల మీదికి తీసుకెళ్ళి "చూశారా పిల్లలూ" అన్నాను. పిల్లలు చూశారు.

నాన్న తువ్వాలు కోసం లేవలేదు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కున్నా, మెడలో వేలాడే ఈల తీసి ఒక్కసారి ఊదాడు.

"ఆపండి ఇంజనీరు గారూ! గాలి పట్టుకుంటుందన్నారు. ఎక్కడికెళ్ళింది మీ గాలి? టీ తాగడానికి వెళ్ళిందా?"

ఇంట్లో నన్ను 'అమ్మలూ' అంటాడు. కెమెరా ముందు మాత్రం 'ఇంజనీరు గారు'. మా వీడియోలు జనం చూసేది నా సైన్సు కోసమని మొదట్లో అనుకునేదాన్ని. ఆ భ్రమ తొందరగానే పోయింది. వాళ్ళు చూసేది నాన్న కోసం.

ఆయన ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరు. ఒక ఈల ఊదితే బస్సు ఆగాలి, రెండు ఊదితే కదలాలి. అదే పద్ధతి వీడియోల్లోకి తెచ్చాడు. నేను చెప్పింది అర్థం కాకపోతే ఒక ఈల. నేను ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. అర్థమయ్యాకే రెండు ఈలలు. రెండు ఈలలు పడందే వీడియో అయినట్టు కాదు. మంచుగడ్డ నీళ్ళ మీద ఎందుకు తేలుతుందో ఆయనకి ఎక్కించడానికి ఒకరోజు నలభై నిమిషాలు పట్టింది. "అర్థమైనట్టు తల ఊపెయ్యొచ్చు కదా నాన్నా" అని విసుక్కుంటే, "టిక్కెట్టు లేకుండా బస్సెక్కినట్టుంటుంది అమ్మలూ, నా వల్ల కాదు" అన్నాడు.

ఫ్యాక్టరీలో నా పని వినడం. నిజంగానే. పెద్ద పెద్ద మోటార్లు, పంపులు, గాలి ఊదే ఫ్యాన్లు ఉండేవి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేదాన్ని. కొలిచే పరికరాలు తర్వాత, ముందు చెవి. పాడయ్యే బేరింగు పాడవక ముందే చెబుతుంది. మొదట సన్నగా బుసకొడుతుంది, తర్వాత గరగరలాడుతుంది, ఆ తర్వాత కీచుమంటుంది. 'ఇది ఇంకో మూడు వారాలు' అని నేనంటే మూడు వారాలే. నన్ను అందరూ 'చెవుల మేడమ్' అనేవారు. ఆ పేరు చూసుకుని మురిసిపోయేదాన్ని కూడా.

ఆ ఏడు ఎండలు పెందలాడే మొదలయ్యాయి. మాది మూడో అంతస్తు, పైన స్లాబే. ముందు గదిలోనే వీడియోలు తీసేవాళ్ళం. కిటికీలు మూసి, ఫ్యాను కూడా ఆపితే నాన్న పది నిమిషాలు కూర్చోలేకపోయేవాడు. ఫ్యాను వేస్తే దాని చప్పుడంతా మైకులోకి వచ్చేది. అందుకని ఒక కిటుకు నేర్చుకున్నాను. ఎవరూ మాట్లాడక ముందు పది సెకన్లు ఒట్టి ఫ్యాను చప్పుడు రికార్డు చెయ్యాలి. అది కంప్యూటరుకి వినిపించి 'ఇదీ చెత్త' అని చెప్పాలి. ఇక రికార్డింగు మొత్తంలో అలాంటి చప్పుడు ఎక్కడున్నా ఏరి పారేస్తుంది. ఆపైన ఇంకో మీట నొక్కితే గొంతు నిండుగా తయారవుతుంది. దీనికి మా ఇంట్లో 'కడగడం' అని పేరు. కంప్యూటరులో రెండు ఫోల్డర్లు ఉండేవి. ఒకటి ముడివి, రెండోది కడిగినవి.

"గిన్నెలు నేను కడుగుతా, గొంతులు నువ్వు కడుగు. ఈ ఇంట్లో ఆడవాళ్ళకి కడగడం తప్పదు" అనేది అమ్మ.

కడిగాక నాన్న గొంతు ఖంగుమనేది. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినబడిన గొంతది. 'తాతయ్య వాయిస్ సూపర్' అని వీడియో కింద పిల్లలు రాసేవాళ్ళు. నాన్న కళ్ళజోడు సవరించుకుని ఒక్కోటీ చదువుకునేవాడు.

మూడో వారమో నాలుగో వారమో, మధ్యాహ్నం భోజనాల దగ్గర అమ్మ నా వైపు తిరిగి అంది.

"మీ నాన్న గొంతు విన్నావా? బొంగురుపోయింది. ఓసారి డాక్టరుకి చూపించవే."

"ఎండకి చల్లనీళ్ళు ఎక్కువ తాగుతున్నా, దానికే" అన్నాడు నాన్న.

"చల్లనీళ్ళు తాగితే రెండ్రోజులుంటుంది. ఇన్నాళ్ళా? ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటున్నాను, నాకు తెలియదా?"

నాలోని ఇంజనీరుకి చురుక్కుమంది. "అమ్మా, అనిపించడం వేరు, కొలిచి చూడటం వేరు" అని, ఎంగిలి చెయ్యి కడుక్కుని ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాను. పోయినేడాది చలికాలం తీసిన వీడియోలోంచి ఒక ముక్క, ఆ వారం వీడియోలోంచి ఒక ముక్క, ఒకదాని వెనక ఒకటి వినిపించాను. రెండోదే ఇంకా బాగుంది. నాన్న ముఖం వెలిగిపోయింది.

అమ్మ గరిటె పట్టుకుని నిలబడే వింది. "ఇందులో బాగానే ఉంది" అంది. తర్వాత గరిటెతో నాన్నని చూపించి, "మరి ఇక్కడో?" అంది.

"ఇక్కడ ఫ్యాను తిరుగుతోంది కదమ్మా. అందుకే అలా వినిపిస్తోంది."

"విన్నావా? సాక్ష్యం కూడా వచ్చేసింది" అంటూ నాన్న రెండు ఈలలు ఊదాడు. అమ్మ గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేం భోజనం ముగించాం.

నేను వినిపించింది కడిగినది. కావాలని చేసింది కాదు. చేతికి అలవాటైన ఫోల్డరు అదే, అది తెరిచాను. ముడివి అని ఇంకొకటి ఉందన్న సంగతి ఆ క్షణాన తట్టనే లేదు.

ఆ తర్వాత వారాల్లో తడిగుడ్డ కప్పితే కుండ ఎందుకు చల్లబడుతుందో చెప్పాం, పాలు ఎందుకు పొంగుతాయో చెప్పి పొయ్యి పాడుచేశాం. అమ్మ తిట్లు కూడా వీడియోలో పెట్టేశాం. నాన్న మాటలు తగ్గించి ఈలలు పెంచాడు. "ఎందుకు?" అనే బదులు ఒక ఈల, "ఎలాగ?" అనే బదులు ఒక ఈల. చూసేవాళ్ళకి అది తెగ నచ్చింది. నాకూ నచ్చింది. ముసలాయన జనం నాడి పట్టేశాడని నవ్వుకున్నాను. మాట్లాడితే నొప్పి పుడుతోందని ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు కూరల సంచితో మెట్లెక్కుతూ రెండో అంతస్తులోనే కూలబడ్డాడు. నేను పరిగెత్తుకు వెళ్ళేసరికి రైలింగు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఊపిరి తీస్తుంటే సన్నగా కీచుమని చప్పుడు. అక్కడ ఫ్యాను లేదు. నా వెనకే వచ్చిన అమ్మ సంచి నా చేతికిచ్చి, నాన్న చెయ్యి పట్టుకుని లేపి, కిందికి దింపి ఆటో ఎక్కించింది. ఈసారి నన్ను అడగలేదు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు గారు ముగ్గుర్నీ కూర్చోబెట్టారు. నెమ్మదస్తురాలు. "ఈ బొంగురు ఎన్నాళ్ళ నుంచండీ?" అని అడిగారు.

"ఓ నెల నుంచి" అన్నాడు నాన్న.

"ఎండలు మొదలైన దగ్గర్నుంచి" అంది అమ్మ.

ఆవిడ నా వైపు చూశారు. చెవుల మేడమ్ నోట్లోంచి వచ్చిన జవాబు, "తెలియదండీ."

క్యాన్సరన్నారు. నాన్న సిగరెట్లు మానేసి పదేళ్ళయింది, అయినా వచ్చింది. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. ప్రాణానికి భయం లేకుండా చెయ్యగలమనుకుంటున్నాం, మాట మాత్రం ఉండదన్నారు. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న కొంచెం ముందుకి జరిగి, వీడియోలో నన్ను అడిగినట్టే అడిగాడు.

"ఎలాగండీ? మరి ఊపిరెలా తీసుకుంటాను?"

ఆవిడ కాగితం మీద బొమ్మ గీశారు. గొంతు కింద ఇక్కడ రంధ్రం చేస్తాం, ఊపిరి అటు నుంచే, నోటికీ ముక్కుకీ ఊపిరితిత్తులతో సంబంధం ఉండదు. నాన్న కాగితం తిప్పి తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ మెడలో ఈల తాడు పట్టుకున్నాడు.

"అయితే ఈల కూడా పోయిందన్నమాట" అన్నాడు.

ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

వచ్చేటప్పుడు నేనొక్కదాన్నే వెనక్కి వెళ్ళి, ముందే తీసుకొచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "చెప్పలేమమ్మా. తొందరగా వస్తే కొందరికి ఆపరేషను దాకా రాకుండా, మాట పోకుండా చూడగలం. అందరికీ కుదరదు. ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నారు.

ఆ మధ్యాహ్నం నాన్న పడుకున్నాక హెడ్‌ఫోన్సు పెట్టుకుని ముడివి తెరిచాను. మొదటిది నీళ్ళు పడిన వీడియో. ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. దాని మధ్యలోంచి నాన్న, "ఎక్కడికెళ్ళింది మీ గాలి?" ప్రతి మాట పక్క నుంచీ సన్నగా గాలి జారిపోతోంది. మొదటి వారం నుంచే. ఒక బేరింగు ఇలా పలికితే ఆ పూటే మెషిను ఆపించి ఉండేదాన్ని. పదకొండు వీడియోలూ వరసగా విన్నాను. ముందు బుస, తర్వాత గరగర, ఆ తర్వాత కీచు. పన్నెండేళ్ళు నేను పక్కవాళ్ళకి నేర్పిన వరసే అది. ఫ్యాను చప్పుడు పదకొండింటిలోనూ ఒకేలా ఉంది. ప్రతివారం నా చేత్తో నేనే ఆ బుసని ఏరి పారేసి, బాగుంది బాగుంది అని అందరికీ వినిపించాను. హెడ్‌ఫోన్సు తియ్యకుండా అలాగే కూర్చుని ఏడ్చాను.

చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. చెప్పి ఆయన్ని బాధపెట్టడం ఎందుకు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు భయం. రెండు రోజులు అలాగే గడిపి, ఆసుపత్రికి వెళ్ళడానికి ముందురోజు పొద్దున నాన్న ముందు కూర్చున్నాను. పక్కనే అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళే బట్టలు మడతపెడుతోంది.

"నాన్నా, ఆ రోజు అన్నాల దగ్గర నేను వినిపించింది కడిగినది. ముడిది కాదు. ముడిదాంట్లో నీ గొంతు అప్పటికే పోయింది. అమ్మ చెప్పిందే నిజం."

అమ్మ చేతులు ఆగిపోయాయి. నాన్న 'ఎంత పని చేశావు' అంటాడనుకున్నాను. అననీ అనుకున్నాను.

"ఎలాగ?" అన్నాడు, గరగరమనే గొంతుతో. "ఆ కడగడం ఎలా పనిచేస్తుంది? చెప్పు."

చెప్పాను. ఇంతకన్నా కష్టమైన పాఠం నేనెప్పుడూ చెప్పలేదు. మధ్యలో ఒక ఈల ఊదాడు.

"ఆగు. ఫ్యాను చప్పుడు తియ్యమంటే నా గొంతులోది ఎందుకు తీసింది?"

"నీ గొంతులో గాలి లీకవుతోంది నాన్నా. ఆ గాలి చప్పుడూ ఫ్యాను చప్పుడూ దానికి ఒకటే."

"అంటే నా జబ్బుని ఫ్యాను అనుకుంది."

"అవును."

"నువ్వూ అలాగే అనుకున్నావు."

"అవును నాన్నా."

రెండు ఈలల కోసం ఎదురుచూశాను. ఊదలేదు. "ఇది వీడియో చెయ్యి" అన్నాడు.

"నా వల్ల కాదు."

"నా నెత్తిన నీళ్ళు పోసింది పెట్టావు కదా. ఇదెందుకు పెట్టవు?"

అప్పుడు మాట్లాడింది అమ్మ. "నేను చెప్పినప్పుడు నా చెవులు చెవులు కావు. మెషిను చెబితేనే మాట. ఇద్దరికిద్దరూ సరిపోయారు." గట్టిగా అనలేదు. చొక్కా మడత విప్పి మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. నేను పెడచెవిన పెట్టిన మాట తాలూకు కోపం అది, నేను పడాల్సిందే. ఆ చొక్కా అలా నాలుగైదుసార్లు మడతపెట్టింది.

మర్నాడు ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు ఏదైనా చెబుతాడని అమ్మా నేనూ చెరోవైపు నిలబడ్డాం. ఏం చెబుతాడు? మాట్లాడితే నొప్పి. నా చెయ్యి ఒకసారి నొక్కాడు. అమ్మని చూసి కళ్ళతో నవ్వాడు. వార్డుబాయ్ వచ్చి మంచం చక్రాల లాకు తీసి, "వెళ్దామా పెద్దాయనా?" అన్నాడు.

"రైట్ రైట్" అన్నాడు నాన్న.

అతను పకపకా నవ్వి మంచం నెట్టుకుపోయాడు. నాన్న నోటి నుంచి వచ్చిన ఆఖరి మాట అదే. అప్పుడు నా దగ్గర మైకు లేదు.

ఇంటికొచ్చేసరికి వానలు మొదలయ్యాయి. ఫ్యాను అవసరం లేని చల్లదనం. నాన్న బాగా చిక్కిపోయాడు. గొంతు కింద రంధ్రానికి పల్చని గుడ్డ కట్టుకునేవాడు. ఒళ్ళో పలక పెట్టుకుని రాసి చూపించేవాడు. ఈల గుమ్మం పక్క మేకుకి వేలాడుతుండేది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా అయిపోయిందంటే, వంటింట్లో కుళాయి కారడం కూడా వినబడేది. అమ్మ ఆయనకి ఎదురుగా నిలబడి మునుపటిలాగే దెబ్బలాడేది. ఆయన పలక మీద రాసేలోగా ఇంకో రెండు మాటలు అనేసేది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేది.

రోజూ పొద్దున పలక మీద ఒకటే మాట, 'వీడియో?' రేపు నాన్నా, ఎల్లుండి నాన్నా అని దాటేస్తూ వచ్చాను. ఒకరోజు నేను లేచేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కెమెరా స్టాండు కూడా తనే నిలబెట్టాడు, కాస్త వంకరగా. ఇక తప్పలేదు.

కెమెరా వేసి మొదలుపెట్టాను. "పిల్లలూ, ఈ వేసవిలో మా ఇంట్లో ఒక పొరపాటు జరిగింది..."

నాన్న అరచేత్తో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

ఉలిక్కిపడ్డాను. ఈల చేతికందనప్పుడు, జనంలో ఇరుక్కున్నప్పుడు కండక్టర్లు బస్సు రేకు మీద ఇలాగే చరుస్తారు. ఒకటి కొడితే ఆగమని.

"ఫ్యాను చప్పుడు వల్ల రికార్డింగు సరిగ్గా..."

ఒక దెబ్బ.

"మేం వాడే సాఫ్ట్‌వేరులో ఒక ఇబ్బంది ఉంది. అదేం చేసిందంటే..."

ఒక దెబ్బ. ఈసారి గట్టిగా.

"తిన్నగా చెప్పవే" అంది అమ్మ వంటింటి గుమ్మంలోంచి.

నాన్న ముఖంలో కోపం లేదు. మంచుగడ్డ ఎందుకు తేలుతుందో నలభై నిమిషాలు విన్న ముఖమే అది. అర్థం కాకుండా తల ఊపడు, అంతే. నేను ఊపిరి పీల్చుకుని చెప్పాను.

"మా నాన్న గొంతు మారిందని మా అమ్మ చెప్పింది. నేను వినలేదు. చప్పుళ్ళు వినడమే నా ఉద్యోగం, అయినా వినలేదు. కడిగిన రికార్డింగు వినిపించి, ఆయన బాగానే ఉన్నాడని వాదించి గెలిచాను. డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఆలస్యమైంది. అది నా వల్ల. తొందరగా వెళ్తే మాట మిగిలేదో లేదో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు."

బయట వాన పడుతోంది. నాన్న చెయ్యి బల్ల మీదే ఉంది. ఆ తర్వాత రెండు దెబ్బలు పడ్డాయి, మెల్లగా, ఒకదాని వెనక ఒకటి.

ఎడిటింగుకి కూర్చుంటే, రికార్డింగు అంతటా ఒక చప్పుడు ఉంది. ఫ్యాను లేదు. వానా కాదు. నా మాటల వెనక, మాటల మధ్య, ఆగి ఆగి వస్తున్న తడి గాలి. కడిగితే రెండు నిమిషాల్లో పోతుంది. ఆ వీడియో కడగకుండానే పెట్టాను.

సాయంత్రానికి ఎవరో పిల్ల కింద రాసింది. 'అక్కా, వీడియో అంతా వెనకాల ఏదో గాలి చప్పుడు వస్తోంది, అది తీసెయ్యొచ్చు కదా?'

'అది మా నాన్న' అని రాశాను.